చెంబు చప్పుడు

ఆ రోజు నేను టట్టు గుర్రాన్ని వెనక్కి తిప్పాను. తిప్పమని ఎవరూ చెప్పలేదు. నాయిన అక్కడ లేడు. అవ్వ అరుగు మీదే ఉంది కానీ ఇంకా నోరు తెరవలేదు. కళ్లెం నా చేతిలో ఉంది. తిప్పింది నేనే. ఈ ఒక్కమాట ముందే ఒప్పేసుకుంటే మిగిలింది రాయడం సులువవుతుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సులువుగా ఏమీ లేదు.

మొన్న కౌకూర్‌లో మా వీధి వెంట ఒక బరాత్ పోయింది. పెండ్లికొడుకు ముందర, గుర్రం మెడకు ఆనుకొని ఒక చిన్న పిల్లగాడు కూచున్నాడు. నెత్తిన జరీ టోపీ, కళ్లకు ఇంత కాటుక. బ్యాండువాళ్లు ఆగి వాయించినప్పుడల్లా వాడు పగ్గం పట్టుకొని, గుర్రాన్ని తానే ఆపినట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖం నాకు తెలుసు. అట్లాంటి ముఖం పెట్టుకొనే నేను ఒకసారి ఇంటికి వచ్చాను. బరాత్ మలుపు తిరిగాక మంచినీళ్లకని చెంబు అందుకుంటే, నా వేలు దానంతటదే చెంబు మీద కొట్టింది. టక్, టక్.

అట్లా కొట్టేది మా మేనత్త, నాయిన చెల్లెలు. ఆమెను శామీర్‌పేటకు ఇచ్చారు. భర్త జ్వరంతో పోయాక మళ్లీ మేడ్చల్‌కు మా ఇంటికి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి ఆమె మా ఇంట్లోనే ఉంది కాబట్టి, ఆమె వేరే ఎక్కడో కొన్నాళ్లు బతికిందన్న సంగతే నాకు వింతగా ఉండేది.

ఆడవాళ్లు నడిచి వస్తుంటే గాజులు ముందు వస్తాయి, మనిషి తర్వాత వస్తుంది. అమ్మ గాజులేవో అవ్వ గాజులేవో కళ్లు మూసుకొని చెప్పేవాణ్ణి. మేనత్త చేతులకు గాజుల్లేవు. చప్పుడు లేని మనిషి ఏ మూలనుంచైనా వచ్చి ఎదురుపడుతుంది. నాయిన కచ్చేరికి బయలుదేరినప్పుడో, పాలేరు విత్తనాల గంప ఎత్తుకున్నప్పుడో ఆమె ఎదురైతే వాళ్లు ఆగాలి, వెనక్కి రావాలి, కాసేపు కూచోవాలి, నీళ్లు తాగాలి, మళ్లీ లేవాలి. ఈ తతంగమంతా లేకుండా ఉండాలని ఆమె చేతిలో ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు ఉండేది. మూల తిరగబోయే ముందు వేలి కణుపుతో దాని మీద కొట్టేది. నేనొస్తున్న, తప్పుకోండి అని దాని అర్థం. ఆ పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కొట్టమని ఎవరూ అనలేదని అమ్మ అనేది. కొట్టొద్దని కూడా ఎవరూ అనలేదు.

అట్లాగని ఆమె ఏడుపుగొట్టు మనిషి కాదు. మా ఇంట్లో నవ్వించే మనిషి ఎవరైనా ఉంటే ఆమే.

"ఇంట్ల దొంగలు పడితె ఏం జేస్తవత్తా?" అని అడిగాను ఒకసారి.

"ముందుగాల చెంబు కొడ్త. శకునం మంచిగ లేదని వాళ్లే మర్లి పోతరు."

పాలతో మాట్లాడేది. పొంగు వస్తుంటే, "ఆగు, ఆగు, నీకంత జల్దీ ఏంది, ఎవ్వలింటికి పోవాలె నువ్వు?" అని గరిటె పెట్టి కలిపేది. చేదబావి గిలకను ముసలాయన అని పిలిచేది. అది కీచుమంటే "లేస్తున్న, ఓపిక పట్టు" అని జవాబు చెప్పేది. ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణం కడితే వెనక అర్రలో వడ్ల గుమ్మి చాటున కూచునేది. వాళ్లు పోయాక బయటికి వచ్చి అమ్మను ఆరా తీసేది. "ఎటుమొకం పోయిండు? నవ్వుకుంట పోయిండా? పంచె ఏది కట్టిండు?" ఊరు విడిచిపోయే వాళ్ల ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. చెప్పుల చప్పుడు విని మాత్రం మనసులో ఏమున్నదో చెప్పేది. "అన్న ఇయ్యాల ఎవ్వలనో తిట్టనీకి పోతుండు, సూడు ఎట్ల తొక్కుతుండో" అనేది. సాయంత్రం నాయిన నిజంగానే ఏ పట్వారీనో తిట్టి వచ్చేవాడు.

ఒక్క నా దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం చెంబు కొట్టేది కాదు. పిల్లిలా వచ్చి చెవి మెలిపెట్టేది. నేను ఎగిరిపడితే మురిసిపోయేది.

"నాకు కొట్టవేందత్తా చెంబు?"

"నీకు శకునమేంది రా అల్లుడా? నువ్వు యాడికి పోతవు? పెరట్లకా?"

నిజమే. పెరటికి తప్ప నేను ఎక్కడికీ పోలేదు, ఆ చలికాలం దాకా.

నాయిన మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లకు గిర్దావరు. పట్వారీలు కాగితం మీద రాసిన పంటలు పొలంలో ఉన్నాయో లేవో చూసే ఉద్యోగం. చలికాలంలో డేరాలు బండికెత్తి గుర్రం మీద దౌరా పోయేవాడు. ఒక్కో ఊళ్లో మకాం వేసి, చుట్టూ పొలాలు తిరిగి, మళ్లీ డేరా ఎత్తడం. యుద్ధం నడుస్తున్న రోజులు. ధాన్యం లెక్కల కోసం పైనుంచి ఒత్తిడి ఎక్కువై ఆ ఏడు దౌరా పొడుగ్గా సాగుతుందన్నారు. నేను ఏడ్చి, అన్నం మానేసి, నన్నూ తీసుకుపోవడానికి ఒప్పించాను. నాకు ఒక టట్టును ఇచ్చారు. సాయిసు ఇమాం దాని పక్కన నడవాలి. ఇమాం మా ఊరివాడే, నాయిన గుర్రాన్ని చూసేవాడు, నన్ను పుట్టినప్పటినుంచి ఎరుగును.

బయలుదేరే ముందు మేనత్త నన్ను పశువుల కొట్టంలోకి పిలిచింది.

"అల్లుడా, శామీర్‌పేటల మకాం ఉంటదట గద?"

"ఉంటదట. చెర్వు కట్ట కింద డేరా ఏస్తరట."

"కట్ట దిగినంక మా ఇల్లు ఎవ్వలనడిగినా చెప్తరు. బాయి కాడ గంగరేగు చెట్టున్నది. నేను వెట్టింది. ఉన్నదో, కొట్టేసిండ్రో సూసి రా."

"గంతేనా?"

"గంతే. ఎవ్వలకు చెప్పకు. అవ్వకైతె అసలే చెప్పకు."

"మరి నాకేమిస్తవు?"

"నీ చెవు నీకే ఇడ్సిపెడ్త, పో."

నేను టట్టు ఎక్కినప్పుడు అందరూ వాకిట్లో ఉన్నారు. ఆమె లేదు. గుమ్మి వెనకాల కూచొని టట్టు డెక్కల చప్పుడు విని నా మనసులో ఏముందో కనిపెడుతుందేమోనని, పోయినంత దూరం నేను నవ్వు ముఖం పెట్టుకొనే పోయాను.

మొదటి మకాం అత్వెల్లి. అక్కడ ఒక పొద్దున నాయిన పొలాల మీదికి బయలుదేరాడు. వెనక నా టట్టు. ఊరు దాటగానే నుదుట బొట్టు లేని ఒక ముసలామె గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని గెట్టు మీదుగా ఎదురుగా వచ్చింది. నాయిన ఎడమచేత్తో కళ్లెం కొద్దిగా లాగి, గుర్రాన్ని ఉన్నచోటనే గుండ్రంగా తిప్పి, మళ్లీ డేరాకు వచ్చి దిగాడు. కుర్చీలో కూచున్నాడు. నీళ్లడిగి తాగాడు. మళ్లీ ఎక్కాడు. అంతసేపూ ఆ ముసలామె మోపుతోనే పక్కకు జరిగి, ముఖం పొలంవైపు పెట్టి నిలబడింది.

"ఎందుకు నాయినా?" అన్నాను.

"ఎదురొచ్చింది" అన్నాడు. అంతే.

ఆ ముసలామెలో నాకు మా అత్త కనిపించి ఉండాల్సింది. కనిపించలేదు. నాకు కనిపించింది గుర్రం తిరిగిన తీరు. ఒక్కచేత్తో, మాట లేకుండా, అంత పెద్ద జంతువు తిరిగింది. పెద్దమనిషి అంటే అదే అనుకున్నాను. ఇమాంను పీడించి నేనూ నేర్చుకున్నాను.

"మస్తు తిప్పుతున్నవు, ఛోటే సర్కార్" అని నవ్వేవాడు ఇమాం. "గిట్లనే తిప్పితె అది ఇంటికే పోయి పడ్తది."

శామీర్‌పేటలో డేరా చెరువు కట్ట కింద పడింది. పొద్దున లేస్తే నీళ్ల మీద పొగలాగా మంచు. నాయిన రైతులతో కూచున్నప్పుడు నేను అడుక్కుంటూ ఆ ఇంటికి పోయాను. వాకిలి వెనక బావి, బావి పక్కన గంగరేగు చెట్టు. ఉంది. పండ్ల బరువుకు కొమ్మలు బావి గట్టు మీదికి వంగి ఉన్నాయి. కింద నులక మంచం మీద ఒక ముసలమ్మ. కండ్లల్లో తెల్లటి పొరలు.

"ఎవలది?" అన్నది నా అడుగు విని.

"మేడ్చల్ గిర్దావరు కొడుకును."

ముసలమ్మ చెయ్యి చాచి, గాలిలో వెతికి, నా భుజం పట్టుకుంది.

"గా ఇంటి పిల్లగానివా? మా కోడలు ఏం జేస్తాంది?"

"మంచిగనే ఉన్నది. చెంబు కొడ్తది."

"చెంబేంది?"

బావి గట్టు మీద ఇత్తడి బిందె ఉంటే దాని మీద కొట్టి చూపించాను. మూల తిరిగేముందు ఎట్లా కొడుతుందో, దొంగలు వస్తే ఏం చేస్తానన్నదో చెప్పాను. ఆమె కూడా నవ్వుతుందనుకున్నాను. ఆమె చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"నేనే అన్న రా అది" అన్నది. "కొడుకు పోయిన కడుపుమంటల అన్న. నా కండ్లకు ఎదురు రాకు, వస్తె చప్పుడన్న చేసి రా అన్న. ఇంక కొడ్తాందా?"

"ఆ. రోజు కొడ్తది."

ముసలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. లేచి, తడుముకుంటూ కొమ్మ పట్టుకొని పండ్లు దూసింది. కొన్ని పండ్లు, కొన్ని కాయలు, కొన్ని ఆకులు. అన్నీ కలిపి పాత గుడ్డలో మూటకట్టి నా చేతిలో పెట్టింది.

"పోయి చెప్పు. నేనే ఇగ కొట్టొద్దన్ననని చెప్పు. ఒక్కపారి వచ్చి పొమ్మను. కండ్లు కానరాకున్నా నేనే వాకిట్లకు ఎదురొస్తనని చెప్పు. యాదుంటదా?"

"ఉంటది."

ఉంది. ఇప్పటికీ ఉంది.

మిగిలిన మకాంలలో నాకు ఆట మీద ధ్యాస లేదు. గుడ్డమూట అంగీ లోపల రొమ్ముకు తగులుతుండేది. కొట్టొద్దన్నది, రమ్మన్నది, ఎదురొస్తనన్నది. ఈ మూడు ముక్కలు మరిచిపోకుండా టట్టు నడకకు తగ్గట్టు లోపల అనుకుంటూ ఉండేవాణ్ణి. ఇల్లు చేరగానే కొట్టంలోకి పోయి ఆమెకు ఒక్కదానికే చెప్పాలి. అప్పుడు ఆమె ముఖం ఎట్లా అవుతుందోనని ఊహించుకున్నాను. పండ్లు కొన్ని కుళ్లాయి. వాటిని ఏరి పారేసి మిగిలినవి మళ్లీ మూటకట్టాను.

మేడ్చల్ చేరేసరికి పొద్దు వాలుతోంది. సామాన్ల బండి మధ్యాహ్నమే ఇల్లు చేరింది. నాయినకు కచ్చేరిలో పని ఉండి, "నువ్వు ఇమాంతోటి ఇంటికి నడువు" అని అక్కడే దిగిపోయాడు. మా వాడ మొదట్లోనే పిల్లలు నన్ను పసిగట్టారు.

"ఒరేయ్, తాసీల్దారొచ్చిండురో!"

"ఏం దొరా, మా పొలం సూస్తివా? మాకు పొలమే లేదు గద!"

నేను వాళ్ల వైపు చూడలేదు. నడుము నిటారుగా పెట్టి, ఒక్కచేత్తో కళ్లెం పట్టి పోనిచ్చాను. అరుగు మీద అవ్వ కనిపించింది. లోపల అమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలుపుతోంది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

అప్పుడు దర్వాజాలోంచి మా మేనత్త పరుగెత్తుకొచ్చింది. చేతిలో చెంబు లేదు. ఆమె చేతులు ఖాళీగా ఉండగా నేను చూడడం అదే మొదలు. మెట్లు దిగి, వాడ మధ్యకు వచ్చి, టట్టుకు ఎదురుగా నిలబడి, ఆయాసంతో ఒక్కమాట అడిగింది.

"ఉన్నదా?"

ఏది ఉన్నదో ఆమెకూ నాకూ మాత్రమే తెలుసు.

పిల్లల అరుపులు ఆగిపోయాయి. అందరూ నన్ను చూశారు. వాడంతా నన్ను చూస్తున్నట్టు అనిపించింది. ఉన్నదత్తా అంటే అయిపోయేది. అంత చిన్న మాట. నా ఎడమచెయ్యి కళ్లెం లాగింది. టట్టు ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. ఎంత బాగా తిరిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. తిరుగుతున్నప్పుడు ఆమె ముఖం ఒక్క క్షణం కనిపించింది. నవ్వు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని తీసేయడం ఆమె మరిచిపోయింది.

"ఏం జేస్తున్నవు సర్కార్?" అన్నాడు ఇమాం, పక్కన పరుగెత్తుతూ.

"ఎదురొచ్చింది" అన్నాను. నాయిన గొంతుతో అన్నాను.

"అరె, మీ ఫుప్పీ గద బేటా!"

అప్పుడైనా మళ్లి ఉండవచ్చు. మళ్లలేదు. మూల ఇంటి దగ్గర టట్టును ఆపించి, ఆ ఇంటివాళ్లను నీళ్లడిగి తాగాను. పెద్దమనుషులు చేసే పద్ధతిలో ఏదీ తక్కువ కాకూడదు గదా. కాసేపు ఆగి మళ్లీ వచ్చాను. ఈసారి అమ్మ పళ్లెంతో ఎదురొచ్చింది. గాజులు గలగలమంటున్నాయి. నా ముఖం చూడకుండానే దిష్టి తీసింది, ఎర్రనీళ్లు నా చెప్పుల మీద ఒలికాయి.

"సూసిండ్రా నా మనుమన్ని?" అన్నది అవ్వ అరుగు మీదినుంచి, వాడంతా వినేటట్టు. "గిర్దావరు కొడుకనిపించిండు!"

నా జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఏ మెప్పు విన్నా నాకు ముందు అవ్వ గొంతు వినిపిస్తుంది.

ఇమాం జీను విప్పాడు. టట్టు మెడ నిమిరి, "చల్ బేటా, నీ తప్పేం లేదు" అన్నాడు దానితో. నాయిన వచ్చాక అవ్వ సంగతంతా మురుస్తూ చెప్పింది. ఆయన నా వైపు చూశాడు, తర్వాత వెనక అర్ర వైపు చూశాడు. కాళ్లు కడుక్కోవడానికి పోయి, ఎంతసేపో నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు. అత్వెల్లిలో తాను చేసిందే నేను చేశాను. నన్ను ఏమని కొడతాడు?

ఎదురు అన్నది ఒకటే మాట గదా అని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. అత్త నా కోసం ఎదురు చూసింది. ఎదురు వచ్చింది. శామీర్‌పేట ముసలమ్మ ఎదురొస్తానని కబురు పంపింది. ఇష్టమైన మనిషి కోసం చేసే పనికీ, కానిమనిషి చేసే కీడుకూ మాకు ఒకటే మాట. అందులో ఏది తీసుకోవాలో ఆ క్షణాన నా చేతిలో ఉంది.

ఆ మర్నాడు నేను పెరట్లో పండ్ల మూట విప్పి కూచున్నాను, ఆమె వస్తే ఇద్దామని. చెప్పాల్సిన మూడు ముక్కలూ నోట్లో పెట్టుకొని ఉన్నాను. కొట్టం మూలనుంచి చప్పుడు వినిపించింది. టక్, టక్. పెరట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆమె నా కోసం కొట్టింది. నేను తప్పుకోవాలని ఆగింది.

నేను తప్పుకున్నాను. అంతకంటే ఏమీ చేయలేకపోయాను. కొట్టొద్దన్నదని చెప్పడానికి ఇప్పుడు నాకు నోరెక్కడిది? పండ్లు ఎండి రాళ్లయ్యాయి. ఆమె నా మీద కోపం చూపించి ఉంటే బాగుండేది. అన్నంలో నెయ్యి ఎప్పటిలాగే ఎక్కువ వేసేది. పాలతో, గిలకతో మాట్లాడేది. కానీ నేనున్న చోటికి చెంబు కొట్టుకుంటూ వచ్చేది, నా చెవి జోలికి వచ్చేది కాదు. చెట్టు సంగతి మళ్లీ అడగలేదు. నేను పెద్దవాణ్ణి అయిపోయానని, ఇక నాకూ శకునాలు వర్తిస్తాయని ఆమె ఒప్పుకుంది, అంతే. ఈ రోజు చెబుతా, రేపు చెబుతా అనుకుంటూనే ఎండాకాలం వచ్చేసింది.

ఒక పొద్దున శామీర్‌పేటనుంచి మనిషి వచ్చాడు. ముసలమ్మ పోయిందని కబురు. మైల స్నానం కోసం మేనత్త బావి దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుంది. తడిబట్టలతో గట్టు మీద కూచుంది. ఏడుస్తోందో నీళ్లు కారుతున్నాయో తెలియడం లేదు. అప్పుడు పోయి ముందు నిలబడి అంతా చెప్పాను. చెట్టు ఉన్నదన్నాను. పండ్లిచ్చిందన్నాను. కొట్టొద్దన్నదన్నాను. రమ్మన్నదన్నాను. కండ్లు కానరాకున్నా తానే ఎదురొస్తనన్నదన్నాను.

ఆమె తల వంచుకొని విన్నది. మధ్యలో ఒక్కసారే తలెత్తింది.

"ఎప్పుడన్నది?"

"దౌరా పోయినప్పుడు."

ఆమె కొంగు పిండుకుంది. చాలాసేపు పిండింది.

"ముసల్దేమో కొట్టొద్దన్నది" అన్నది చివరికి. "నువ్వేమో గుర్రం తిప్పితివి. ఇద్దర్ల ఎవ్వల మాట ఇనాలె నేను?"

దెప్పిపొడవడం కాదు. నిజంగానే అడిగింది. ఆమె చెంబు తీసుకొని లేచింది. శామీర్‌పేట పోతావా అని నాయిన అడిగితే పోనన్నది.

"ఎదురొచ్చే మనిషి లేని ఇంటికి ఎందుకన్నా?"

పెద్దయ్యాక సరిచేద్దామని చూశాను. సిటీలో చదువుకునే రోజుల్లో, ఊరినుంచి మళ్లీ బస్సుకు పోయేటప్పుడు గడపలో నిలబడి మొండికేసేవాణ్ణి.

"నువ్వు ఎదురొస్తెనే పోత."

"బస్సు పోతది రా!" అని గుమ్మి వెనకనుంచి అరిచేది.

"పోనీ."

"నీకు పుణ్యముంటది, పో రా!"

ఒకసారి నిజంగానే బస్సు పోయేదాకా నిలబడ్డాను. ఆమె ఏడుస్తూ బయటికి వచ్చింది, కళ్లు గట్టిగా మూసుకొని. నేను గెలిచినట్టు మరుసటి బస్సు ఎక్కాను. బొల్లారం దగ్గర ఆ బస్సు గుంటలోకి ఒరిగింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఆ మాట ఊరికి చేరింది. నేను బాగున్నానని కబురు వచ్చేదాకా ఆమె పచ్చి గంగ ముట్టలేదని అమ్మ చెప్పింది. నా పశ్చాత్తాపం కూడా ఆమె నెత్తి మీదే పడింది. ఆ రోజు టట్టు మీద ఎట్లా కూచున్నానో, గడపలోనూ అట్లాగే నిలబడ్డానని, నలుగురూ చూడాలనే నిలబడ్డానని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఎన్నడూ బలవంతం చేయలేదు. ఏం చేయాలో తోచకుండానే ఏళ్లు గడిచాయి.

నాకు ఉద్యోగం వచ్చి కౌకూర్‌లో ఇల్లు తీసుకున్నాక ఆమెను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటికి అవ్వ లేదు, నాయిన లేడు. తప్పుకోవాల్సిన వాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. రెండు అర్రల ఇల్లు. అందులోనూ ఆమె చెంబు కొట్టుకుంటూనే తిరిగేది. కొట్టొద్దని నేను చెప్పలేదు. చెప్పే హక్కు ఉన్న మనిషి ఒక్కతే, ఆమె కబురు నా దగ్గరే ఎండిపోయింది.

ఒకనాడు పటేల్ గూడెం సంతలో అటువంటిదే ఒక ఇత్తడి చెంబు కనిపిస్తే కొన్నాను. సాయంత్రం ఇంటికి వస్తూ, వాకిట్లోకి అడుగు పెట్టే ముందు దాని మీద వేలితో కొట్టాను. టక్, టక్.

"ఎవలది?" అన్నది లోపలినుంచి.

"నేనే అత్తా."

"చెంబేంది రా? ఏం పుట్టింది నీకు?"

"గుర్రం తిప్పినోన్ని. నేను ఎదురొస్తె నీకు మంచిది కాదు. అందుకే ముందుగాల చెప్తున్న."

ఆమె నవ్వలేదు. నేను మానలేదు. పొద్దున లేచి ఆమె ఉన్న అర్రలోకి పోవాలంటే కొట్టేవాణ్ణి. నీళ్ల కోసం వంటింట్లోకి పోవాలన్నా కొట్టేవాణ్ణి. ఇరుగుపొరుగు నాకు ఏదో పట్టిందనుకున్నారు. నా భార్య మొదట కోప్పడింది, తర్వాత సంగతంతా విని ఊరుకుంది. ఇంట్లో రెండు చెంబులు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు ఉండేది. ఎవరో చూడాలని చేసింది కాదు. ఆమె మోసిన చప్పుడు ఎట్లా ఉంటుందో కొన్నాళ్లు నేనూ మోయాలని చేశాను. ముందు ఎవరైనా ఉన్నారేమోనని ప్రతి మూల దగ్గరా ఆగడం, మన రాకకు మనమే సిగ్గుపడడం ఎంత బరువో వేలికి కాయ కాచేటప్పటికి తెలిసింది.

"ఇగ సాలు రా" అన్నది ఒకసారి. "నా చెవులు పోతున్నయి."

"నువ్వు ఆపినంక ఆపుత."

ఒక పొద్దున ఉద్యోగానికి బయలుదేరుతూ గడపలో వంగి చెప్పులు వేసుకుంటున్నాను. ఏ చప్పుడూ లేదు. తలెత్తేసరికి ఆమె నా ముందు ఉంది, మెట్ల కింద, సరిగ్గా ఎదురుగా. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ముసలి చెయ్యి పైకి లేచి నా చెవి పట్టుకొని మెలిపెట్టింది. తర్వాత, బయలుదేరే మనిషిని మా వైపు ఎవరూ అడగని మాట అడిగింది.

"యాడికి రా అల్లుడా?"

"పెరట్లకే అత్తా" అన్నాను.